డీప్ ఫ్రీజర్‌ను రాత్రంతా కరెంటు లేకుండా కాపాడుకోవడం ఎలా?

చేపలు, రొయ్యలు నిల్వ చేసే 200 లీటర్ల ఛెస్ట్ ఫ్రీజర్‌ను, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కరెంటు లేనప్పుడు, ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీ మోయగలదా అని మీరు అడిగారు. ఫ్రీజర్ ఒక్కటే ఉంటే మోయగలదు. ఫ్యాన్లు కూడా ఆ బ్యాటరీ మీదే తిరిగితే తెల్లవారే దాకా రాదు. భీమిలి దగ్గర మా కుటుంబం చిన్న చేపల దుకాణం నడుపుతోంది కనుక ఈ లెక్క మాకు బాగా అలవాటైనదే.

ఫ్రీజర్ మీద 120 వాట్లు అని రాసి ఉన్నా కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా నడవదు; లోపల చలి సరిపోగానే ఆగి, తగ్గగానే మళ్లీ మొదలవుతుంది. అందువల్ల ఇంత పరిమాణం గల పెట్టె మా తీరప్రాంతపు వేసవిలో రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్లు, అంటే ఎనిమిది గంటలకు అర యూనిట్, 500 వాట్-అవర్లు వాడుతుంది. మీ 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉన్నా, లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. పైగా ఇన్వర్టర్ తన వంతుగా 15 నుంచి 20 శాతం తీసుకుంటుంది. చివరకు నిశ్చింతగా వాడుకోగలిగేది 700 పైచిలుకు వాట్-అవర్లు మాత్రమే. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది కనుక ఎనిమిది గంటలకు 600 వాట్-అవర్లు తీసుకుంటుంది, అంటే ఫ్రీజర్ కంటే ఎక్కువే. చాలామంది ఈ సంగతి గమనించరు. మీ ఫ్రీజర్ అసలు వాడకం ఎంతో తెలుసుకోవాలంటే ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటరు కొని ఒక రోజంతా ఉంచి చూడండి.

బ్యాటరీ సరిపోయినా ఇన్వర్టర్ సరిపోకపోవచ్చు. మామూలు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటి కంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది కనుక కనీసం 1000 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యం ఉన్న ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటులాగే నున్నని అలతో కరెంటు ఇచ్చేది, ఉండటం మంచిది. మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చే చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది. ఖరీదైన ఫ్రీజర్‌కు ఆ శిక్ష వేయవద్దు.

అయినా, మరో బ్యాటరీ కొనమని మీకు మొదట చెప్పను. కరెంటు ఉన్నప్పుడే చలిని పెట్టెలో నిల్వ చేసుకోవడం అంతకంటే చవక, నమ్మకం కూడా. నిండుగా ఉన్న ఫ్రీజర్, మూత తెరవకపోతే, దాదాపు 48 గంటలూ, సగమే నిండినది 24 గంటలూ సరుకును గడ్డగానే ఉంచుతాయి. టీకాలు నిల్వ చేయడానికి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి: రోజుకు 8 గంటలు కరెంటు ఉంటే చాలు, గోడల్లోని మంచు మిగతా సమయమంతా లోపలి ఉష్ణోగ్రతను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలుపుతుంది.

మనకు అంతకంటే ఎక్కువ చలి కావాలి కనుక మామూలు నీటి మంచు చాలదు. అది సున్నా డిగ్రీల దగ్గర గానీ కరగదు, అప్పటికి చేప మెత్తబడిపోతుంది. మేము తొమ్మిది లీటర్ల నీటికి ఒక కిలో రాళ్ల ఉప్పు కలిపి, సీసాల్లో పోసి గడ్డకట్టిస్తాము. ఈ ఉప్పునీరు సుమారు మైనస్ 6.5 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలై, మైనస్ 18 దగ్గరకు వచ్చేసరికి సగానికి పైగా మంచవుతుంది. మంచినీటి కంటే తక్కువ వేడినే పీల్చుకున్నా, చేప ఇంకా గట్టిగా ఉండగానే ఆ పని చేస్తుంది. గడ్డకట్టేటప్పుడు నీరు వ్యాకోచిస్తుంది కనుక సీసాలో నాలుగు వేళ్ల వెలితి ఉంచండి; అన్నీ ఒకేసారి పెట్టకుండా రోజుకు రెండు మూడు చొప్పున చేర్చి, చివరకు గోడల వెంటా సరుకు పైనా సర్దండి. పది కిలోల ఉప్పునీరు ఉంటే రాత్రిలో ఎక్కువ భాగం దానితోనే గడుస్తుంది, బ్యాటరీ మీద భారం చాలా తగ్గుతుంది. కరెంటు లేనప్పుడు పెట్టె మీద దుప్పటి కప్పడం మంచిదే కానీ, చాలా ఛెస్ట్ ఫ్రీజర్లు తమ వేడిని పక్క గోడల గుండా వదులుతాయి, కాబట్టి కంప్రెసర్ నడిచేటప్పుడు తప్పకుండా తీసివేయండి.

ఒక రాత్రితో పోని కష్టాలూ ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన తరువాత మా వైపు రోజుల తరబడి కరెంటు రాలేదు. అటువంటప్పుడు జనరేటర్ తప్పదు, కానీ పూటకు ఒక గంట నడిపితే చాలునన్న మాట నమ్మవద్దు. 120 వాట్ల కంప్రెసర్ ఒకటిన్నర యూనిట్ల పని చేయాలంటే పన్నెండు గంటలకు పైగా నడవాలి. మూత తెరవకుండా ఉంటే కొంత తగ్గుతుంది, అంతే. ఆ గంటల్లోనే ఇన్వర్టర్ బ్యాటరీని కూడా నింపుకుంటే రాత్రి జనరేటర్ ఆపి పడుకోవచ్చు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనబడకుండా ప్రాణం తీస్తుంది కనుక వరండాలో కూడా పెట్టకుండా ఇంటికి దూరంగా ఉంచండి. ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఇదే కారణంగా బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపిన ఆన్-గ్రిడ్ సోలార్ కూడా కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఉదయం మూత తెరిచేటప్పుడు చూడటానికి, ముందే ఒక గిన్నెలో మంచినీరు గడ్డకట్టించి పైన ఒక నాణెం ఉంచండి. నాణెం అడుగుకు చేరితే మధ్యలో లోపలంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. మంచు స్ఫటికాలు ఇంకా కనబడే చేపను మళ్లీ గడ్డకట్టించవచ్చు. వంజరం, కానాగంత వంటివి మెత్తబడి వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి బాధ కలిగించే విషపదార్థం తయారవుతుంది, అది ఎంత ఉడికించినా పోదు, వాసనను బట్టీ తెలియదు. వాటిని అమ్మకానికీ పెట్టవద్దు, ఇంట్లో వండుకోనూ వద్దు.