జడ ఎవరి చేతిలో ఉందో చూడు

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. రపుంజెల్ కథను తిరగరాసిన ఆ ఫాంటసీ నవల మూడు అధ్యాయాలు చదివి పక్కన పడేశావట. "రాకుమారుడి స్థానంలో ఒక అమ్మాయిని పెట్టారు, అంతేగా పెద్దమ్మా, మిగతాది నాకు తెలిసిన కథే" అని రాశావు. ఆ మాట రెండు రోజులుగా నన్ను వదలలేదు. ఇలాంటి కథలు చదవడంలోనూ పిల్లలకు చెప్పడంలోనూ నాకు నలభై ఏళ్లు గడిచాయి. ఆ చనువుతో చెబుతున్నాను, ఆ పుస్తకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకో.

కానీ వెంటనే తెరవకు. ముందు పాత కథ చదువు. నీకు తెలుసనుకుంటున్నది సినిమాల్లో చూసిన కథ, చిన్నప్పుడు నిద్రలోకి జారుకుంటూ విన్న కథ. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకంలో అది నాలుగైదు పేజీలే. కడుపుతో ఉన్న ఒకామె పక్క తోటలోని ఆకుకూర మీద మనసు పడుతుంది. భర్త గోడ దూకి దొంగిలిస్తాడు. పట్టుబడి, పుట్టబోయే బిడ్డను ఆ తోట సొంతదారైన మంత్రగత్తెకు ఇస్తానని మాట ఇస్తాడు. పన్నెండేళ్లు నిండగానే ఆ పిల్లను తలుపూ మెట్లూ లేని బురుజులో పెడతారు. ఆ తర్వాతిది నీకు తెలుసు, కిటికీలోంచి కిందికి వదిలిన ఆ పిల్ల జడ పట్టుకుని మంత్రగత్తె, ఆపైన రాకుమారుడు పైకి ఎక్కుతారు. చదువుతుండగా మనసు ఎక్కడ కొట్టుకుంటే అక్కడ పెన్సిలుతో ఒక గీత పెట్టు. నేను చిన్నప్పటి నుంచీ రెండు చోట్ల ఆగిపోయేదాన్ని. కన్నతల్లి మొదటి పేజీ దాటాక మళ్లీ కనిపించదేమిటి? జడ కత్తిరించిన మంత్రగత్తె చివరికి ఏమయింది? ఆ రెండింటికీ కథలో జవాబు లేదు. తిరగరాసేవాళ్లు పాదు చేసుకునేది సరిగ్గా అలాంటి ఖాళీల్లోనే. నీ గీతలు చేతిలో ఉంటే, రచయిత్రి ఎక్కడ తవ్వుతోందో నీకు ముందే తెలుస్తుంది. ఆమె నువ్వు ఆగిన చోటే ఆగిందా, నువ్వు చూడని చోట ఆగిందా అన్న ఉత్కంఠతో పేజీ తిప్పుతావు.

"అసలు కథను మార్చేశారు" అని మీ స్నేహితురాలు అన్నదని కూడా రాశావు. ఈ కథకు అసలు రూపమంటూ ఏదో ఒకదాన్ని వేలు పెట్టి చూపడం ఎవరి తరమూ కాదు. ఇటలీలోని నేపుల్స్‌కు చెందిన కథారచయిత బాసిలే చెప్పిన రూపం 1634 నుంచి 1636 మధ్య వెలువడిన ఆయన సంపుటిలో ఉంది. అందులో అమ్మాయి బురుజు దిగి పారిపోతూ, తరుముకొస్తున్న రాక్షసి మీదికి మాయకాయలు విసురుతుంది. అవి కుక్కగా, సింహంగా, తోడేలుగా మారతాయి. 1698లో అదే కథను ఫ్రాన్సులో ఒక స్త్రీ రాసింది. ఆమె పేరు ద్‌ లా ఫోర్స్. రాజాజ్ఞ మీద సన్యాసినుల మఠంలో బతకవలసి వచ్చిన మనిషి. గోడల మధ్య ఉంచిన పిల్ల కథ ఆమె కలానికి దొరకడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. గ్రిమ్ సోదరుల 1812 ముద్రణలో, బట్టలు ఎందుకు బిగుతవుతున్నాయని రపుంజెల్ అమాయకంగా అడిగి, గర్భవతినన్న సంగతి తానే బయటపెట్టుకుంటుంది. అది పిల్లలకు తగదనుకుని తర్వాతి ముద్రణల్లో ఆ మాట తీసేశారు. 1812లో 'ఫెయిరీ' (మాయలు తెలిసిన దేవకన్య) అయిన పెంపుడుతల్లి కూడా తర్వాత మంత్రగత్తె అయింది. చూశావా, బురుజులో కూర్చుని ఏడ్చే పిల్లకంటే పరుగెత్తుతూ కాయలు విసిరిన పిల్లే వయసులో పెద్దది. నీ నవలలోని తెగువకు అంత పాత చుట్టరికం ఉంది. మన వాడుకలో కథ కంచికి చేరుతుంది గానీ, ఈ కథ మాత్రం ఎన్నడూ చేరలేదు.

ఇక ప్రేమ సంగతి. మొదటి యాభై పేజీల్లో ఒక్కటి కనిపెట్టు. ఆ లోకంలో ఆడపిల్ల ఆడపిల్లను ప్రేమించడం మామూలు విషయమా, నిషేధమా? ఈ రెండు రకాల నవలలనూ ఒకే చూపుతో చదవకూడదు. మామూలైన లోకంలో ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పరు, అక్కడ కథంతా ఆ ఇద్దరి మధ్యే నడుస్తుంది. మామూలైనదాన్ని మామూలుగా చదవడానికి మనకే కాస్త సమయం పడుతుంది, ఆ సమయం ఇవ్వు. నిషేధమైన లోకంలోనైతే బురుజుకు రెండో అర్థం వస్తుంది. అక్కడ చూపులు, ఆగిపోయిన మాటలు, దాచిన ఉత్తరాలు జాగ్రత్తగా చదవాలి. నాకు మొదటి రకం ఎక్కువ ఇష్టం. దుఃఖం ఒక్కటే క్వీర్ అమ్మాయిల, అంటే ఇలా అమ్మాయిలను ప్రేమించే అమ్మాయిల, వాటా అన్నట్టు రాసిన పుస్తకాలు చాలా చదివి అలసిపోయాను.

రాకుమారుడిని తీసి అమ్మాయిని పెట్టడంతో సరిపోదన్న నీ మాట మాత్రం నిజం. దానికి నా దగ్గర ఒక కొలత ఉంది. జడ చూడు. ఎవరు పట్టుకుని ఎక్కుతున్నారు, ఆ బరువు ఎవరి తలకు నొప్పి, ఎవరు కత్తిరించారు, ఎవరి ఇష్టంతో? పైకి వచ్చింది అమ్మాయే అయినా, రపుంజెల్ అలాగే కిటికీ దగ్గర ఎదురుచూస్తూ ఉంటే పాత కథ చీర మార్చుకున్నట్టే. స్త్రీవాదం నాయిక చేతి కత్తిలో ఉందని నేననుకోను. పెంచిన తల్లిని ఆ నవల ఎలా చూసిందో అక్కడ ఉంటుంది. పిల్లను బంధించిన స్త్రీ దేనికి భయపడింది? ఆ ప్రశ్న అడిగి, అయినా ఆమె చేసిన తప్పును తప్పుగానే నిలిపిన పుస్తకాన్ని నేను గుండెకు హత్తుకుంటాను.

వాళ్లు తొందరగా ప్రేమలో పడ్డారని విసుక్కోకు. పదహారేళ్ల పిల్లల కోసం రాసిన నవల అది, ఆ వయసులో ప్రతిదీ మొదటిసారి. ఒక అధ్యాయం పైకి చదువు, నీ గొంతుకు అందే వేగమే దాని వేగం. పూర్తయ్యాక నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా చెప్పు.

ఒకవేళ ఆ పుటల్లో నీకు నువ్వు కనిపిస్తే, ఆ మాట ఎవరితోనైనా చెప్పి తీరాలని లేదు. నేనూ అడగను. చెప్పాలనిపిస్తే మాత్రం వినడానికి నేనున్నాను, ఎప్పుడైనా, ఏ వేళనైనా.

జడ తెగే అధ్యాయం దగ్గరికి వచ్చాక నాకు రాయి. కత్తెర ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలని ఉంది.

నీ
పెద్దమ్మ