పెద్దల సభలో ఒక్కరి మాట: ఐర్లండ్ సెనేట్‌పై పాఠకుల ప్రశ్నలు

ఐర్లండ్ పార్లమెంటు ఎగువ సభ పేరు షానద్. అందులో ఏ పార్టీలోనూ లేని సెనేటర్లు చర్చల్లో ఏం సాధిస్తారన్న విషయంపై వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

*ప్రశ్న: అరవై మంది సభలో పార్టీ అండ లేని ఒక్కరు లేచి మాట్లాడితే ఏం మారుతుంది? ప్రసంగం బాగుందని పేరు రావడం తప్ప ప్రయోజనం ఉందా? (విజయవాడ పాఠకుడు)*

ఓట్లు లెక్కేస్తే మీ అనుమానం సబబే. 60 సీట్లలో 43 మందిని అయిదు వృత్తి విభాగాల జాబితాల నుంచి ఎన్నుకుంటారు, ఆరుగురిని విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఎన్నుకుంటారు, మిగతా 11 మందిని ప్రధానమంత్రి నామినేట్ చేస్తారు. ఆ 11 సీట్ల వల్ల సభలో ప్రభుత్వానికి మెజారిటీ సాధారణంగా లోటుండదు. పోనీ సభ మొత్తం ఎదురుతిరిగినా మామూలు బిల్లును 90 రోజులు ఆపగలదు, అంతే. ద్రవ్య బిల్లయితే 21 రోజుల్లో తిప్పి పంపాలి. దానికి సవరణలు కూడా పెట్టకూడదు, సిఫారసులు మాత్రమే చేయాలి.

కాబట్టి స్వతంత్ర సెనేటర్ బలాన్ని ఓటింగులో వెతకొద్దు, బిల్లు మూడో దశలో వెతకండి. బిల్లుకు అయిదు దశలుంటాయి. మొదటిది ప్రవేశం, రెండోది బిల్లు ఉద్దేశంపై చర్చ. ఉపన్యాసాలన్నీ ఈ రెండో దశలో వినిపిస్తాయి, పత్రికలకెక్కేవీ అవే. మూడోదైన కమిటీ దశలో సెక్షన్ తర్వాత సెక్షన్, ఒక్కో మాట పట్టుకుని చూస్తారు. ఒకే సవరణపై ఎన్నిసార్లయినా లేచి అడగొచ్చు. మంత్రి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. ‘మంత్రి నిబంధనలు చేయవచ్చు’ అని ఉన్నచోట ‘చేయాలి’ అని మార్చమని ఒక సవరణ వస్తుంది. మారింది ఒక్క క్రియే. మొదటి దాంట్లో అది మంత్రి ఇష్టం, రెండో దాంట్లో బాధ్యత. ఎందుకు మార్చరో మంత్రి చెప్పిన కారణం అధికారిక నివేదికలోకి ఎక్కుతుంది, తర్వాత ఎవరైనా దాన్ని చూపించి అడగొచ్చు.

ఇక్కడ కొత్త సభ్యులు చేసే పొరపాటు ఒకటుంది. మంత్రి ‘తర్వాతి దశ లోపు పరిశీలిస్తాను’ అంటే అనుభవమున్న సెనేటర్ సవరణను వెనక్కి తీసుకుంటారు, మళ్లీ పెట్టే హక్కు అట్టిపెట్టుకుని. కొత్తవారు పౌరుషానికి పోయి ఓటింగ్ అడుగుతారు. ఓడిపోతారు. కమిటీలో ఓడిన సవరణను నాలుగో దశలో మళ్లీ పెట్టనివ్వరు. పైగా ఆ నాలుగో దశలో ఒక్కో సవరణపై ఒక్కసారే మాట్లాడాలి, బలపరిచే మరో సభ్యుడు ఉండాలి. సవరణ పెట్టినవారికి మాత్రం చివర్లో బదులిచ్చే అవకాశం ఉంటుంది. ఒంటరి సభ్యులకు ఆ రెండో గొంతు దొరకడమే కష్టం కనుక, షానద్‌లో స్వతంత్రులు చిన్న చిన్న బృందాలుగా కూడతారు. పార్టీలా ఒకే మాట మీద ఓటేయాలన్న కట్టుబాటు వారి మధ్య ఉండదు.

*ప్రశ్న: ఒక సెనేటర్ ఎన్నిసార్లు మాట్లాడారన్న లెక్క చూసి పనితీరు అంచనా వేయొచ్చా? (హనుమకొండ నుంచి రాజనీతి శాస్త్ర విద్యార్థిని)*

వద్దు. రికార్డులో ఇరవై నిమిషాల ప్రసంగానికీ, ‘మంత్రిగారు నా ప్రశ్నకు జవాబివ్వలేదు’ అన్న ఒక్క వాక్యానికీ ఒక్కో పద్దే పడుతుంది. మధ్యలో అడ్డుపడేవారి సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

మీరు చేయాల్సింది ఇది. ఏదో ఒక బిల్లు ఎంచుకోండి. ఆ సెనేటర్ పెట్టిన సవరణల జాబితాను ముందు పెట్టుకోండి. ప్రతి సవరణకూ ఏమైందో రాసుకోండి: ఆమోదించారా, వెనక్కి తీసుకున్నారా, ఓడిందా, సభాధ్యక్షుడే అనుమతించలేదా. తర్వాత నాలుగో దశలో ప్రభుత్వం పెట్టిన సవరణలు చూడండి. సెనేటర్ అడిగిందే కాస్త మాట మార్చి మంత్రి పేరుతో వచ్చిన సందర్భాలు అక్కడ దొరుకుతాయి. అసలు పని అదే, ఏ లెక్కలోనూ ఆ సెనేటర్ ఖాతాలో పడదు. చివరగా ఆమోదం పొందిన చట్టం పాఠం తెరిచి ఆ మాటలు నిలిచాయో లేదో సరిచూసుకోండి. ఒక బిల్లుకు రెండు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. సంఖ్యల పట్టిక చూసి రాసిన వ్యాసం కంటే ఇది ఎంతో మేలు.

*ప్రశ్న: మంచి సవరణలను కూడా ‘క్రమవిరుద్ధం’ అని తోసేస్తారని విన్నాను. ఎందుకు? (తెనాలి పాఠకుడు)*

ఎక్కువగా డబ్బు వల్ల. ఖజానాపై భారం పడే అవకాశమున్న సవరణను మామూలు సభ్యులు పెట్టకూడదు. పింఛను పది యూరోలు పెంచమన్నా అంతే సంగతి. బిల్లు విషయానికి సంబంధం లేకపోయినా, రెండో దశలో సభ ఒప్పుకున్న మూల ఉద్దేశానికి అడ్డంగా ఉన్నా అనుమతించరు. నాలుగో దశలోనైతే కమిటీలో చర్చకు రాని అంశాన్ని కొత్తగా తేనివ్వరు.

దీనికి స్వతంత్రులు వాడే ఉపాయం ఒకటుంది. పింఛను పెంచమని అడగరు. ‘ఈ చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లోపు, పింఛను ఎంత ఉంటే సరిపోతుందో పరిశీలించి మంత్రి ఉభయ సభల ముందు నివేదిక ఉంచాలి’ అని రాస్తారు. నివేదిక అడిగితే భత్యం పెంచినట్టు కాదు కనుక చర్చకు దారి దొరుకుతుంది. అరగంట చర్చ జరుగుతుంది, మంత్రి అంకెలు చెప్పాల్సి వస్తుంది. గడువు రాయడం మరిచిపోతే మాత్రం ఆ నివేదిక ఎప్పటికీ రాదు.

*ప్రశ్న: పార్టీ లేని సెనేటర్ తెచ్చిన బిల్లు నిజంగా చట్టమైందా? (హైదరాబాద్‌లో నిర్మాణ రంగంలో పనిచేస్తున్న పాఠకుడు)*

అయింది. అదీ మీ రంగానిదే. ఫియర్గల్ క్విన్ సూపర్‌క్విన్ అనే సూపర్‌మార్కెట్లు స్థాపించిన వ్యాపారి. 1993 నుంచి 2016 దాకా నేషనల్ యూనివర్సిటీ పట్టభద్రుల తరఫున స్వతంత్ర సెనేటర్. 2008 తర్వాత ఐర్లండ్‌లో నిర్మాణరంగం కుప్పకూలింది. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర డబ్బు ఇరుక్కుపోయి, కింద పనిచేసిన చిన్న సబ్ కాంట్రాక్టర్లు మునిగిపోయారు. ‘పైనుంచి నాకొచ్చాక నీకిస్తా’ అనే షరతు ఒప్పందంలోనే ఉండేది. ఈ మాట మీ సైట్‌లోనూ ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు. 2010లో క్విన్ నిర్మాణ ఒప్పందాల బిల్లును ప్రవేశపెట్టారు. ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చకుండా తన సవరణలు కలిపి ముందుకు నడిపింది. 2013 జులైలో రాష్ట్రపతి సంతకమైంది.

అందులో ఏముందో చూడండి. పైవాడు చెల్లిస్తేనే చెల్లిస్తానన్న షరతు చెల్లదు, పైవాడు దివాలా తీసిన సందర్భం మినహా. డబ్బు అందకపోతే కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి పని ఆపేయొచ్చు, అది ఒప్పంద ఉల్లంఘన కిందికి రాదు. చెల్లింపుపై తగాదా వస్తే నిర్ణేత దగ్గరకు పంపొచ్చు. ఆయన 28 రోజుల్లో తీర్పు చెప్పాలి. ఫిర్యాదు చేసినవారు ఒప్పుకుంటే మరో 14 రోజులు పొడిగించొచ్చు. ఆ తీర్పు ప్రకారం ముందు చెల్లించాలి, కోర్టులో వాదించుకోవడం తర్వాత. పది వేల యూరోలకు లోపు ఒప్పందాలకూ, 200 చదరపు మీటర్లు మించకుండా సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికీ ఈ చట్టం వర్తించదు.

సంతకం అయ్యాక కూడా అమలుకు మూడేళ్లు పట్టింది. 2016 జులై 25 తర్వాత రాసుకున్న ఒప్పందాలకే వర్తించింది. అప్పటికే మునిగిపోయినవారికి అందులో ఏమీ దక్కలేదు. చట్టం పాసైంది కదా అని ఊరుకోకుండా అమలు తేదీ ఎప్పుడని సభలో అడుగుతూనే ఉండటం ఎంత అవసరమో ఈ మూడేళ్లను చూస్తే తెలుస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన అనుభవం 1971లో జరిగింది. తర్వాత దేశాధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్ అప్పుడు స్వతంత్ర సెనేటర్. గర్భనిరోధక సాధనాలపై నిషేధం సడలించే బిల్లును మరో ఇద్దరితో కలిసి తెచ్చారు. సభ మొదటి దశకే ఒప్పుకోలేదు. దాంతో బిల్లు అచ్చు కూడా కాలేదు, జనం చదవడానికి పాఠమే లేదు. 1973లో సుప్రీంకోర్టు దంపతుల గోప్యత హక్కును గుర్తించాక, 1979లో గానీ ఆ దిశగా చట్టం రాలేదు. మొదటి దశ లాంఛనమే కదా అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

*ప్రశ్న: నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఇంకా భారత పౌరసత్వమే. షానద్ ఎన్నికలో నాకేమైనా పాత్ర ఉందా? మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లాంటిదేనా? (ఉస్మానియా పట్టభద్రురాలు)*

పోలిక కొంతవరకే. ప్రాధాన్యం ప్రకారం 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతి రెండుచోట్లా ఒకటే. కానీ మన దగ్గర దేశంలోని ఏ యూనివర్సిటీ డిగ్రీ అయినా, పట్టా పొంది మూడేళ్లయితే చాలు. అక్కడ నేషనల్ యూనివర్సిటీకి మూడు, డబ్లిన్ యూనివర్సిటీకి మూడు సీట్లు ఉండేవి. మిగతా కాలేజీల పట్టభద్రులకూ ఓటివ్వొచ్చని 1979లోనే రాజ్యాంగం సవరించినా, చట్టం మాత్రం రాలేదు. 2023లో సుప్రీంకోర్టు తప్పుపట్టాక 2024లో మార్చారు. ఇకపై ఆరు సీట్లకూ కలిపి ఒకే ఉన్నత విద్యా నియోజకవర్గం ఉంటుంది. 2025 జనవరి ఎన్నిక మాత్రం పాత పద్ధతిలోనే జరిగింది. ఎటు చూసినా ఐరిష్ పౌరసత్వం, అక్కడి సంస్థ డిగ్రీ రెండూ ఉండాలి. ఉస్మానియా పట్టా పనికిరాదు.

అయినా మీ చేతిలో ఒక దారి ఉంది. ఐర్లండ్ స్థానిక ఎన్నికల్లో పౌరసత్వంతో నిమిత్తం లేకుండా, అక్కడ నివసించే 18 ఏళ్లు నిండినవారంతా ఓటేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు. దేశం మొత్తం మీద కౌన్సిలర్లు 949 మంది. వృత్తి విభాగాల జాబితాల నుంచి వచ్చే ఆ 43 మంది సెనేటర్లను ఎన్నుకునేవారిలో అత్యధికులు వాళ్లే, ఒక్కొక్కరికి అయిదు విభాగాలకూ అయిదు ఓట్లుంటాయి. మీ కౌన్సిలర్ మీ ఇంటి తలుపు తట్టినప్పుడు, షానద్‌కు ఎవరికి ఓటేస్తారని అడగండి. దానికి ముందు మీ పేరు ఓటర్ల జాబితాలో ఇప్పటి చిరునామాతో ఉందో లేదో చూసుకోండి. ఇల్లు మారినవాళ్ల ఓటు ఎక్కువగా అక్కడే పోతుంది.