జెండా మాయమైందన్నావు కదా, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో, నువ్వు రాస్తున్న జాతీయ జెండా గీసే ప్రోగ్రాం గురించి చెప్పింది సగమే వినబడింది. మీ అత్త టీవీ సౌండు తగ్గించదు కదా. "మావయ్యా, బటన్ నొక్కితే జెండా వస్తోంది, మినిమైజ్ చేసి మళ్లీ తెరిస్తే మాయమైపోతోంది" అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినబడింది. వినగానే నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఫోన్లో కోడ్ చెప్పడం నాకు చేతకాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

2005లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు వాళ్లకి వెంచర్ మ్యాప్ చూపించే ప్రోగ్రాం రాశాను. సి షార్ప్ భాష, తెర మీద విండోలు తయారుచేసే విండోస్ ఫారమ్స్, ఇప్పుడు నువ్వు వాడుతున్నవే. అమ్ముడైన ప్లాటు ఎరుపు, అడ్వాన్సు ఇచ్చింది పసుపు, ఖాళీది ఆకుపచ్చ. డెమో రోజు ఓనరు గారు మధ్యలో ఏదో లెక్క చూసుకోవాలని విండోని కిందకి పంపి, మళ్లీ పైకి తెచ్చారు. తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. ఆయన నా వైపు చూసి, "ఏం బాబూ, అప్పుడే అన్నీ అమ్మేశావా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నేను తప్ప.

నేను చేసిన తప్పే నువ్వూ చేశావు. బటన్ క్లిక్‌లో క్రియేట్‌గ్రాఫిక్స్ అని పిలిచి, దాంతో తెర మీద నేరుగా గీసేశావు. గీత పడుతుంది, కంటికి కనబడుతుంది. కానీ నువ్వు గీసిన బొమ్మేమిటో విండోస్ గుర్తుపెట్టుకోదు. విండో మళ్లీ తెరుచుకున్నప్పుడు "నీ భాగం నువ్వు గీసుకో" అని ఫారమ్‌కి, అంటే నీ ప్రోగ్రాం విండోకి, కబురు పంపుతుంది, అంతే. ఆ కబురు పేరే పెయింట్ ఈవెంట్. నీ గీతలు అందులో లేవు కాబట్టి ఖాళీ ఫారమ్ గీసి ఊరుకుంది.

కాబట్టి గీసే కోడ్ మొత్తం పెయింట్ ఈవెంట్లోకి మార్చు. అక్కడ నీ చేతికి ఒక గ్రాఫిక్స్ ఆబ్జెక్ట్ వస్తుంది, దాంతోనే గీయి. మరి బటన్ ఏం చేయాలి? "జెండా చూపించాలా" అన్న వేరియబుల్‌ని ట్రూ చేసి, ఇన్‌వాలిడేట్ అని పిలవాలి. బటన్ పని అక్కడితో అయిపోయింది. నా వెంచర్ ప్రోగ్రాంలోనూ చివరికి ఇదే చేశాను: ప్లాట్ల వివరాలన్నీ ఒక లిస్టులో ఉంచి, పెయింట్ వచ్చినప్పుడల్లా ఆ లిస్టు చూసి మొదటినుంచీ గీయించాను. ప్రతిసారీ మొత్తం గీయడం దండగ కదా అని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వంద దీర్ఘచతురస్రాలు గీయడం కంప్యూటర్‌కి ఒక లెక్క కాదమ్మా.

ఇన్‌వాలిడేట్ అనగానే గీసేస్తుందనుకోకు. "ఇది పాతబడింది" అని గుర్తు పెడుతుందంతే. క్యూలో ఉన్న మిగతా పనులు అయ్యాక పెయింట్ వస్తుంది. నువ్వు వరసగా పదిసార్లు పిలిచినా సాధారణంగా ఒక్కసారే గీస్తుంది, అదే మంచిది. పెయింట్ ఎప్పుడు వస్తుందో, ఎన్నిసార్లు వస్తుందో నీ చేతిలో లేదు కాబట్టి దాని లోపల లెక్కలు మార్చే పని పెట్టకు. నేను ఒకసారి బుకింగ్ కౌంటు పెంచే లైను పొరపాటున అక్కడ రాశాను. విండో సైజు మార్చినప్పుడల్లా బుకింగులు పెరిగిపోయాయి! ఇన్‌వాలిడేట్‌ని కూడా పెయింట్ లోపల పిలవకు. గీసిన వెంటనే మళ్లీ గీయమంటుంది, ఫ్యాన్ మోత మొదలవుతుంది.

ఇక జెండా సంగతి. కోడ్ ముట్టుకునే ముందు గళ్ల కాగితం తీసుకుని కొలతలు వేసుకో. మన జెండా వెడల్పు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. ఫ్లాగ్ కోడ్‌లో, అంటే జాతీయ జెండా నియమావళిలో, ఒక సైజు 900 మిల్లీమీటర్లు 600 మిల్లీమీటర్లు, దానికి చక్రం వ్యాసం 185. మిల్లీమీటరుకి ఒక పిక్సెల్ అనుకుంటే నీకు లెక్క తయారు. ఒక్కో పట్టీ 200, చక్రం కేంద్రం అడ్డంగా 450, నిలువుగా 300. తెల్ల పట్టీలో చక్రానికి పైనా కిందా ఏడున్నర పిక్సెళ్లు మిగులుతాయి.

కింద ఆకుపచ్చ తెగిపోతోందని కూడా అన్నావు. ఫారమ్ సైజు 900, 600 అని పెట్టి ఉంటావు. ఆ సైజులో పైనున్న టైటిల్ బార్, చుట్టూ అంచులు కూడా కలిసిపోయి ఉంటాయి. క్లయింట్‌సైజ్ అని ఇంకోటి ఉంది, దాన్ని 900, 600 పెట్టు. పట్టీలకి ఫిల్‌రెక్టాంగిల్ వాడు. జెండా చుట్టూ సన్నటి అంచు కావాలంటే డ్రారెక్టాంగిల్‌కి వెడల్పు 899, ఎత్తు 599 ఇవ్వాలి. 900 ఇస్తే కుడివైపు గీత, కిందవైపు గీత ఒక పిక్సెల్ బయటకి పోయి కనబడవు. ఫిల్ 900 అంటే 900 పిక్సెళ్లు నింపుతుంది, డ్రా మాత్రం ఒకటి ఎక్కువ తీసుకుంటుంది. దీన్ని ఎంత మంది తిట్టుకున్నారో!

వృత్తం గీయడానికి కేంద్రం, వ్యాసార్థం ఇస్తే సరిపోతుందనుకుంటాం. ఇక్కడ అలా కాదు. వృత్తం ఇమిడే పెట్టె ఎక్కడ మొదలవుతుందో, దాని వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో చెప్పాలి. అంటే 450 లోంచి 92.5 తీసేయి, 300 లోంచి 92.5 తీసేయి. అక్కడ మొదలుపెట్టి 185, 185. దశాంశాలున్నాయి కాబట్టి ఫ్లోట్ వాడు. కేంద్రమూ వ్యాసార్థమూ తీసుకుని ఈ తీసివేతలు చేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసిపెట్టుకుంటే ఇకముందు తలనొప్పి ఉండదు. ఇంకో సంగతి, పెన్ను మందం గీతకి రెండు వైపులా సగం సగం పంచుకుంటుంది. 10 పిక్సెళ్ల పెన్నుతో గీస్తే చక్రం 195 అయి కూర్చుంటుంది. వ్యాసార్థంలోంచి పెన్ను మందంలో సగం ముందే తగ్గించు.

చక్రం ఆకుల దగ్గర కాస్త ఆగాలి. మన భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారి పేరు నీకు నేను చెప్పక్కర్లేదు. స్వాతంత్ర్యానికి ముందు జెండాలో రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం బదులు 24 ఆకుల అశోక చక్రం వచ్చింది. 360ని 24తో భాగిస్తే ఆకుకీ ఆకుకీ మధ్య 15 డిగ్రీలు. లూపు 24 సార్లు తిప్పి, కాస్, సైన్‌లతో ఒక్కో ఆకు చివర ఎక్కడుందో కనుక్కుని కేంద్రం నుంచి గీత గీయి. కాకపోతే మ్యాథ్ లైబ్రరీలో కాస్, సైన్ కోణాన్ని డిగ్రీల్లో కాదు, రేడియన్లనే ఇంకో కొలతలో అడుగుతాయి. డిగ్రీల్ని పై (π) విలువతో గుణించి 180తో భాగించాలి. మర్చిపోతే ఎర్రర్ రాదు, అదే అసలు ప్రమాదం. 24 గీతలూ వస్తాయి, చక్రంలాగే ఉంటుంది. దగ్గరకెళ్లి చూస్తే కొన్ని ఆకుల మధ్య 10 డిగ్రీలే ఉంటుంది, కొన్నిచోట్ల 23 దాకా పోతుంది. చాపం, అంటే వృత్తంలో ముక్క, గీసే డ్రాఆర్క్ మాత్రం డిగ్రీలే తీసుకుంటుంది. ఎందుకలా అని నన్నడగకు.

రొటేట్‌ట్రాన్స్‌ఫార్మ్ అని ఒకటుంది, దాంతో కాగితాన్నే తిప్పి గీయొచ్చని నీ ఫ్రెండు చెప్పే ఉంటుంది. నిజమే, తేలిక కూడా. అయినా మొదటిసారి చేత్తో లెక్క వేసి గీయి. లెక్క రాకుండా కాగితం తిప్పితే బొమ్మ ఎక్కడికి పోయిందో వెతుక్కోవడమే సరిపోతుంది.

నిలువు కొలత తెరకి పైఅంచు నుంచి మొదలై కిందకి పెరుగుతుంది. స్కూల్లో గ్రాఫు పేపరు మీద పైకి పెరిగేది కదా, ఇక్కడ తలకిందులు. సర్వేయరు ఇచ్చిన కొలతలు కిందనుంచి పైకి ఉంటే నేను ఉన్నవున్నట్టు వేసేశాను. వెంచరంతా పైది కిందకీ కిందది పైకీ తిరగబడింది. ఉత్తరం ఫేసింగ్ ప్లాట్లన్నీ దక్షిణం ఫేసింగ్ అయిపోయాయి! మన దగ్గర దక్షిణం ఫేసింగ్ అంటే కొనేవాడు రెండు అడుగులు వెనక్కి వేస్తాడు, ఓనరు గారి ముఖం ఎలా మారిందో నువ్వే ఊహించుకో. మొత్తం ఎత్తులోంచి ప్లాటు నిలువు కొలత తీసేసి, అందులోంచి ప్లాటు ఎత్తు కూడా తీసేస్తే సరిపోయింది. ఆ రెండో తీసివేత మర్చిపోయి ఒక పూట కొట్టుకున్నాను.

సొంతంగా తయారు చేసుకున్న పెన్నులు, బ్రష్‌లు యూజింగ్ బ్లాకులో పెట్టు, పని కాగానే అవే విడుదలవుతాయి. రెడీమేడ్‌గా దొరికే పెన్స్ డాట్ బ్లాక్ లాంటివాటిని, పెయింట్ ఇచ్చిన గ్రాఫిక్స్‌నీ మాత్రం డిస్పోజ్ (విడుదల) చేయకు, అవి నీవి కావు. బొమ్మ బదులు తెల్లటి చోట పెద్ద ఎర్ర ఇంటూ కనబడిందంటే పెయింట్ లోపల ఏదో ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రాం నడుస్తుండగా తప్పు, వచ్చిందని అర్థం. కంగారు పడకు, ట్రై క్యాచ్ పెట్టి మెసేజ్ చదువు. అంచులు మెట్లు మెట్లుగా ఉంటే స్మూతింగ్‌మోడ్‌ని యాంటీఅలియాస్ చేయి. బొమ్మ కదిలేటప్పుడు మిణుకు మిణుకుమంటుంటే ఫారమ్ డబుల్‌బఫర్డ్‌ని ట్రూ చేయి. ఫారమ్ లోపల పెట్టుకునే పానెల్ మీద గీస్తుంటే అది బయటనుంచి పెట్టనివ్వదు, పానెల్ నుంచి సొంత క్లాసు తీసుకుని దాని కన్‌స్ట్రక్టర్లో పెట్టాలి.

జెండా కింద "జై హింద్" అని తెలుగులో రాయాలని ఉందన్నావు. నిర్మలా యూఐ ఫాంటు పెట్టు, విండోస్ 8 నుంచీ సిస్టంలోనే ఉంటోంది. మా రోజుల్లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేది. చోటు కోసం క్లయింట్‌సైజ్ ఎత్తు ఇంకో 60 పెంచుకో, అంచు గీత కొలతలు మాత్రం మార్చకు.

ఇవన్నీ అయ్యాక విండోని మౌసుతో పట్టుకుని లాగి చూడు. జెండా పాత సైజులోనే మూలన ఉండిపోతుంది. 900, 600, 450 అన్న అంకెలన్నీ తీసేసి, క్లయింట్‌సైజ్ వెడల్పు నుంచి లెక్కగట్టేలా మార్చు. వెడల్పు తెలిస్తే ఎత్తు దానిలో మూడింట రెండు వంతులు, మిగతావన్నీ అక్కడినుంచే వస్తాయి. అప్పుడు రిసైజ్‌రీడ్రా కూడా ట్రూ చేయాలి, లేకపోతే విండో పెరిగినప్పుడు కొత్తగా బయటపడిన ముక్కనే గీసి, పాత సగం కొత్త సగం అతికించిన జెండా చూపిస్తుంది.

ఆదివారం పొద్దున నేను ఖాళీయే. లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా, విండో లాగితే దాంతోపాటే సరిగ్గా పెరిగే జెండా చూపించు. అత్త పెసరట్లు వేస్తానంటోంది.

మీ మావయ్య