క్రిస్మస్ సెలవులకు సముద్రతీరం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

డిసెంబరు చివరి వారాన్ని వెచ్చటి సముద్రతీరంలో గడపాలనుకునే పాఠకుల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ మందికి ఉపయోగపడతాయనుకున్న ఐదింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: క్రిస్మస్‌కు పది రోజులు ఏదైనా ఉష్ణమండల తీరానికి వెళ్లాలని మా ఆలోచన. ఫొటోల్లో చూస్తే అన్ని తీరాలూ ఒకే నీలంలో కనిపిస్తున్నాయి. నిరుడు మా స్నేహితురాలి కుటుంబం ఇలాగే ఫొటోలు చూసి వెళ్లి, సెలవుల్లో సగానికి పైగా గదిలో కూర్చొని వానను చూసి వచ్చింది. ఏ తీరం ఎంచుకోవాలో ముందుగా ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: మీ స్నేహితురాలి కుటుంబం పొరపాటు ఊరి ఎంపికలో కాక, ఆ ఊరు ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసుకోకపోవడంలో జరిగి ఉంటుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు మకర రేఖ మీద నడినెత్తికి వస్తాడు. ఉష్ణమండలపు వానల పట్టీ కూడా ఆయన వెంటే దక్షిణానికి జరుగుతుంది. అందువల్ల క్రిస్మస్ వేళకు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న తీరాలు చాలావరకు పొడిగా ఉంటాయి, దక్షిణాన ఉన్నవి తడిసి ఉంటాయి. బాలి, ఫిజీ, మారిషస్, ఆస్ట్రేలియా ఉత్తర తీరం వంటి చోట్ల అది వానల కాలం. వీటిలో బాలి తప్ప మిగతావాటికి అదే తుపానుల కాలం కూడా. 1974లో ట్రేసీ తుపాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని సరిగ్గా క్రిస్మస్ తెల్లవారుజామునే నేలమట్టం చేసింది.

అయితే ఉత్తరాన ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునని అనుకోకండి. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ నెలల్లో ఆసియాలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. సముద్రం మీదుగా వచ్చేటప్పుడు తేమను మోసుకొచ్చి, ఎదురుగా నిలిచిన తూర్పు తీరం మీద కుమ్మరిస్తుంది. కొండల చాటున ఉన్న పడమటి తీరం అదే సమయంలో పొడిగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో పడమటనున్న ఫుకెట్‌కు డిసెంబరు మంచి నెల, తూర్పున సింధుశాఖలో ఉన్న కో సముయ్‌కి మాత్రం వానల ముగింపు ఇంకా రాని నెల. మలేషియాలో లంకావీ కళకళలాడుతున్నప్పుడే తూర్పు తీరపు పెర్హెంతియన్ దీవుల్లో విడిదులు చాలావరకు మూతపడి ఉంటాయి. శ్రీలంకలో గాలే, మిరిస్సా వైపు వెళ్లినవారు ఎండలో తిరుగుతుంటే, ట్రింకోమలీ వైపు వెళ్లినవారు గొడుగు పట్టుకొని తిరుగుతారు. దేశం ఒకటే, వారం ఒకటే, తేడా అంతా తీరపు దిశలోనే.

కరీబియన్ దీవులకు హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు కాబట్టి, క్రిస్మస్ నాటికి అక్కడ పొడి కాలం మొదలై ఉంటుంది. ఫిలిప్పీన్స్ విషయంలో కొంచెం ఆలోచించండి. అక్కడ టైఫూన్లకు పూర్తి విరామమంటూ ఉండదు. 2019లో ఫన్‌ఫోన్ టైఫూన్ క్రిస్మస్ ముందురోజు సాయంత్రమే మధ్య దీవులను తాకి, పండుగ ప్రయాణాల్లో ఉన్న వేలాది మందిని ఓడరేవుల్లో నిలిపివేసింది.

కాబట్టి ఫొటోలు చూసే ముందు భౌగోళిక పటం తెరిచి, మీరనుకున్న ఊరు తూర్పు ముఖమా పడమటి ముఖమా గమనించండి. తరువాత ఆ దేశపు వాతావరణ శాఖ ఇచ్చే నెలవారీ సగటుల్లో మొత్తం వర్షపాతాన్ని మాత్రమే కాక, వాన పడే రోజులెన్నో కూడా చూడండి. సాయంత్రం గంటసేపు కుండపోతగా కురిసి వెలిసిపోయే వానకూ, మూడు రోజులు విడవకుండా పట్టే ముసురుకూ మొత్తం ఒకటే కావచ్చు, సెలవులకు మాత్రం రెండూ ఒకటి కావు.

ప్రశ్న: మా పిల్లలకు పదకొండేళ్లు, ఎనిమిదేళ్లు. ఇద్దరూ కొలనులో బాగా ఈదుతారు. సముద్రంలో వదలడానికి అది చాలా? ఏమేమి చూసుకోవాలి?

సమాధానం: చాలదు. ఈ మాట కటువుగా అనిపించినా ముందే చెప్పడం మా బాధ్యత. కొలనులోని నీరు ఒకచోట నిలిచి ఉంటుంది, సముద్రపు నీటికి తన దారి తనకుంటుంది.

తీరంలో మునిగిపోయే ప్రమాదాలకు ముఖ్య కారణం ఎత్తయిన కెరటం కాదు, రిప్ కరెంటు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆ నీరంతా చేరి, సన్నని ఏరులా లోపలికి పరుగెడుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2.4 మీటర్ల దాకా ఉంటుంది. ఒలింపిక్ పోటీల్లో 50 మీటర్లు ఈదే వీరుడి వేగం ఇంచుమించు అంతే. దానికి ఎదురీది గెలవడం పెద్దలకే సాధ్యం కానప్పుడు పిల్లలను అడగడం న్యాయం కాదు.

చూడటానికి అది ప్రమాదంలా కనిపించదు, అదే మా భయం. కొన్నేళ్ల కిందట ఒక తీరంలో ఎత్తుగా ఉన్న ఇసుక మేట మీద కూర్చొని నేను అరగంట సేపు నీటినే చూశాను. ఎడమన తెల్లని నురగ, కుడిన తెల్లని నురగ, మధ్యలో పదడుగుల వెడల్పున ముదురు రంగులో, అలలు విరగని నిశ్శబ్దమైన నీటి బాట. దాని మీద నురగ ముక్కలు, ఒక ఎండిన కొమ్మ ఒడ్డు నుంచి లోపలికి సాగిపోతున్నాయి. అదే సమయంలో ఒక తండ్రి, అలలు లేవు కదా అని, చిన్నపిల్లను చేయి పట్టుకొని సరిగ్గా ఆ బాటలోకే దింపుతున్నాడు. లైఫ్‌గార్డు ఈల వేయడంతో ఆగిపోయాడు. ప్రశాంతంగా ఉన్న చోటు క్షేమమైన చోటని మన కన్ను మనకు చెబుతుంది. సముద్రం దగ్గర ఆ మాట నమ్మకూడదు.

మీరు చేయవలసింది ఇది. లైఫ్‌గార్డులు ఉన్న తీరాన్నే ఎంచుకోండి. చాలా దేశాల్లో ఎరుపు, పసుపు రంగులు కలిసిన రెండు జెండాల మధ్య భాగం వారి కనుసన్నల్లో ఉన్న చోటు, పిల్లలు ఆ మధ్యనే ఉండాలి. ఒంటి ఎర్రజెండా ఎగురుతుంటే నీటి జోలికే పోవద్దు. పిల్లలకు ఒక్క సంగతి మాత్రం ఇంట్లోనే పదిసార్లు చెప్పించి అలవాటు చేయండి: నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఈదకూడదు, వెల్లకిలా తేలుతూ చేయెత్తి పిలవాలి, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. రిప్ కరెంటు మనిషిని అడుగుకు లాగదు, దూరానికి తీసుకుపోతుంది అంతే. ప్రాణం తీసేది ఎదురీత వల్ల వచ్చే అలసట, భయం. ఇంకొక మాట, ఎనిమిదేళ్ల బిడ్డకు చేయి చాపితే అందేంత దూరంలో పెద్దవారొకరు ఎప్పుడూ ఉండాలి, ఆ సమయంలో వారి చేతిలో ఫోను ఉండకూడదు.

ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి వెళ్లేవారికి మరొక జాగ్రత్త కూడా అవసరం. నవంబరు నుంచి మే వరకు అక్కడి నీటిలో బాక్స్ జెల్లీ చేపలు తిరుగుతాయి. వాటి విషం నిమిషాల్లో ప్రాణం తీయగలదు కాబట్టి, వలలు కట్టిన భాగంలోనే, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులతోనే దిగాలి.

క్రిస్మస్ వారంలో ఈ ప్రశ్నకు సమాధానమిస్తూ 2004 డిసెంబరు 26ను తలచుకోకుండా ఉండలేము. ఆ ఉదయం సుమత్రా దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం లేపిన సునామీలో 2 లక్షల 20 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో పండుగ సెలవులకు వచ్చినవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఫుకెట్‌లోని ఒక తీరంలో పదేళ్ల బ్రిటిష్ బాలిక, రెండు వారాల ముందు బడిలో విన్న భూగోళ పాఠం గుర్తుకొచ్చి, నీరు వింతగా నురుగులు కక్కుతోందని తల్లిదండ్రులకు చెప్పింది. తీరమంతా ఖాళీ చేయించగలిగారు. హిందూ మహాసముద్రానికి అప్పట్లో లేని సునామీ హెచ్చరిక వ్యవస్థ ఇప్పుడుంది. అయినా మీ పదకొండేళ్ల బిడ్డకు మూడు గుర్తులు చెప్పి ఉంచండి: నేల చాలాసేపు గట్టిగా కంపించడం, నీరు ఉన్నట్టుండి దూరంగా వెనక్కి పోవడం, సముద్రం నుంచి పెద్ద హోరు వినిపించడం. వీటిలో ఏ ఒక్కటి గమనించినా సామాను వదిలేసి ఎత్తైన చోటికి నడవాలి. విడిదికి చేరిన మొదటి రోజే ఆ ఎత్తైన చోటు ఎటుందో అందరూ కలిసి నడిచి చూసి రండి, పిల్లలకు అదొక షికారులా ఉంటుంది.

ప్రశ్న: మాది ఎండకు అలవాటుపడిన నల్లటి ఒళ్లు. మాకు కూడా సన్‌స్క్రీన్ అవసరమా? అది పగడాలకు హాని చేస్తుందని కూడా విన్నాము.

సమాధానం: నల్లటి చర్మానికి సహజమైన రక్షణ కొంత ఉన్న మాట నిజమే, కాని ఉష్ణమండల తీరపు మధ్యాహ్నానికి ఆ కొంత సరిపోదు. అక్కడ అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలు, అది కొలమానంలో అన్నిటికన్నా పై అంచు. పైగా కిరణాలు పైనుంచి మాత్రమే రావు. పొడి ఇసుక సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురగ 25 శాతాన్ని తిరిగి మీ మీదికే పంపుతాయి. నీటిలో అర మీటరు లోతున కూడా ఉపరితలంలో ఉన్న తీవ్రతలో 40 శాతం ఉంటుంది. నీటి చల్లదనం వల్ల ఒళ్లు కాలుతున్న సంగతి తెలియదు, రాత్రి పడుకున్నప్పుడు వీపు చెబుతుంది.

పగడాల గురించి మీరు విన్నది ఊరకే పుట్టిన మాట కాదు. ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్లను పలావ్ దేశం 2020 జనవరి 1 నుంచి నిషేధించింది, హవాయిలో వాటి అమ్మకంపై నిషేధం 2021 జనవరి 1న అమలులోకి వచ్చింది. జింక్ ఆక్సైడ్ ఉన్నవి వాడండి, రెండు గంటలకొకసారి మళ్లీ రాయండి. మా సలహా అడిగితే మాత్రం, పూత కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా మేలు. అది నీటిలో కరగదు, రాయడం మరచిపోవడమనే సమస్య ఉండదు. ఇక పగడాల మీద నిలబడటం సన్‌స్క్రీన్ కన్నా పెద్ద హాని. గుండ్రని పగడాల్లో చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. ఒక్క మడమ కింద నలిగిన భాగం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: తిరుగు ప్రయాణం రోజు ఉదయం స్కూబా డైవింగ్ చేసి, మధ్యాహ్నం విమానమెక్కవచ్చా?

సమాధానం: ఎక్కకూడదు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. విమానంలో పీడనం తగ్గగానే అది బుడగలు కడుతుంది. ఒక్కసారే మునిగితే కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు మునిగి ఉంటే కనీసం 18 గంటలు ఆగాలి. చివరి రోజును స్నార్కెలింగ్‌కు ఉంచుకోండి, నీటి పైభాగాన తేలుతూ చూసేదానికి ఈ అడ్డంకి లేదు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. ఇన్నేళ్లలో క్రిస్మస్‌కు ఇల్లు వదిలి రావడం ఇదే మొదటిసారి. మా కోసం సరేనంది గాని, మనసులో కష్టపడుతోందని నాకు తెలుసు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇసుకలో నడవలేదు కూడా. ఆమె కోసం ఏమి చేయగలము?

సమాధానం: ముందు ఆమెను ఒక ప్రశ్న అడగండి: పండుగ రోజు ఏది లేకపోతే నీకు పండుగలా ఉండదమ్మా అని. చాలామంది పెద్దవారికి అది ఒకటో రెండో ఉంటాయి, మనం ఊహించినవి కాకపోవచ్చు. అర్ధరాత్రి ఆరాధన అయితే, విడిది ఎంచుకునేటప్పుడే దగ్గరి చర్చి ఎంత దూరమో, ఏ వేళకు ఏ భాషలో ఆరాధన జరుగుతుందో కనుక్కోండి. అక్కడికి వెళ్లాక వెతుకుదామనుకుంటే, పండుగ రాత్రి వాహనం దొరకక ఆమె గదిలోనే ఉండిపోయే ప్రమాదముంది. బంధువులతో మాట్లాడటమైతే, కాలమాన భేదం లెక్కకట్టి ఆ గంటను ముందే ఖాయం చేసి, ఆ వేళకు ఎవరూ పడవ షికారు పెట్టుకోకుండా చూడండి.

ఆరోగ్యం మాటకొస్తే, రక్తపోటుకు వాడే కొన్ని మందులు శరీరంలోని నీటిని బయటికి పంపుతాయి. వేడి, ఉక్క ఉన్న చోట అవి కళ్లు తిరగడానికి కారణం కావచ్చు కాబట్టి బయలుదేరే ముందు వైద్యులను కలవండి. మందులను చేతిసంచిలోనే ఉంచండి. సాయంకాలాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, అస్తమించిన ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకే చీకటి పడిపోతుంది. సూర్యాస్తమయం చూసి నెమ్మదిగా వద్దామనుకుంటే, తెలియని దారిలో ఆమె చీకట్లో నడవవలసి వస్తుంది. ఒక టార్చిలైటు దగ్గర ఉంచుకోండి.

ఇక ఇసుక సంగతి. పాదం దిగబడేది పైనున్న పొడి ఇసుకలోనే. నీరు తీసినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు సముద్రం అలా వెనక్కి తీస్తుంది. ఆ వేళ రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత దూరం తీస్తుంది. ఆ ఊరి ఆటుపోట్ల పట్టిక ఒకటి సంపాదించి, మీ సెలవుల్లో ఏ రోజున ఎండ ముదరకముందే నీరు బాగా తీసి ఉంటుందో చూసి గుర్తుపెట్టుకోండి. రోడ్డు నుంచి నీటి దాకా చెక్కలు పరిచిన దారి ఉన్న తీరమైతే ఇంకా మంచిది. ఆ ఉదయం పిల్లలను కాసేపు ఎవరికైనా అప్పగించి, చెప్పులు చేత పట్టుకొని, ఆమెను మీ భుజం ఆసరాతో నీటి అంచు దాకా మీరే తీసుకువెళ్లండి.