ఆసుపత్రిలో చాప్లిన్‌గా పనిచేయాలంటే పాస్టరో పూజారో అయితే చాలా?

చాలదు, రోగులకు ఆధ్యాత్మికంగా ఆసరా ఇచ్చే ఈ పనికి విడిగా శిక్షణ కావాలి. ప్రవచనం చెప్పడం వేరు, మంచం పక్కన కూర్చుని వినడం వేరు. అమెరికాలో చాప్లిన్ల వృత్తి బోర్డు ఇచ్చే ధ్రువీకరణకు సాధారణంగా పీజీ చదువుతో పాటు, ఒక్కొక్కటి కనీసం 400 గంటలుండే క్లినికల్ శిక్షణ 4 విడతలు అడుగుతారు. ఆ తర్వాతా ఏటా నేర్చుకుంటూ ఉండాల్సిందే. మన దేశంలో ఈ వృత్తికి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు.

వరంగల్ ఆసుపత్రిలో ఒక తల్లి, "సమ్మక్కకు మొక్కిన బంగారం సమర్పించలేదు, అందుకే బిడ్డకు ఈ జబ్బు" అని కుమిలిపోతోందనుకోండి. బంగారమంటే అక్కడ బెల్లమే. శిక్షణ ఉన్నవారు మూఢనమ్మకమని కొట్టిపారేయరు, తమ దేవుడి మాటా ఎత్తరు; ఆ భయాన్ని చివరిదాకా వింటారు.

చాప్లిన్లు మతం మార్చడానికే వస్తారన్నది అపోహ. రోగిపై తమ విశ్వాసాన్ని రుద్దడం వృత్తి నియమావళికే విరుద్ధం.