సందేహాలు – సమాధానాలు: ‘అరుదు’ ఎంత అరుదు?

సందేహం: జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం) మీద వచ్చిన వార్తలో ‘బి-ఎస్ మేసాన్ అరుదైన క్షయం’ అని రాశారు. పాత కావ్యాల్లో అరుదు అంటే ఆశ్చర్యం కదా! లెక్క ప్రకారమే జరిగినదాన్ని అరుదు అనవచ్చా? క్షయం అనడం సరేనా?

సమాధానం: ముందు క్షయం సంగతి. క్షీణించడం నెమ్మదిగా సాగే పని. ఈ మేసాన్, అంటే క్వార్కులనే మరీ చిన్న కణాల జంట, ఉన్నపళంగా పోయి, దాని చోట రెండు మ్యూయాన్లు (ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలు) పుడతాయి. విఘటనం నయం. కానీ పాఠ్యపుస్తకాల్లో పాతుకున్న క్షయాన్ని పీకడం నా వల్ల కాదు.

అసలు రుచి ‘అరుదు’లో ఉంది. మీరన్నట్టు పాత తెలుగులో అరుదుపడటమంటే విస్తుపోవడమే. తమిళుల ‘అరిదు’కు దొరకనిది అనే కాక, కష్టమైనది అనే అర్థమూ ఉంది. మలయాళంలో ఇది ఏకంగా నిషేధమైంది: ‘పోకరుత్’ అంటే పోవద్దు. అన్నీ ఒకే మూలం పిల్లలు.

మన మేసాన్‌కు ఈ కేరళ అర్థమే భేషుగ్గా అతుకుతుంది. అందులోని బాటమ్ అనే క్వార్క్, విద్యుదావేశం మారకుండా, ఒక్క అంగలో స్ట్రేంజ్ అనే మరో రకం క్వార్క్ కాకూడదు. అరుత్! అందుకే ఈ విఘటనం చుట్టుదారి పట్టాలి. వంద కోట్ల బి-ఎస్ మేసాన్లలో మూడో నాలుగో ఇలా రెండు మ్యూయాన్లవుతాయని సిద్ధాంతం లెక్క. రద్దీ రోడ్డు మీద కనబడని కొత్త మనిషి ఇలాంటి సందులో ఇట్టే దొరికిపోతాడు. మనమెరుగని బరువైన కణమేదైనా ఆ దారిలో చెయ్యి పెడితే లెక్క అటో ఇటో కదలాలి. శాస్త్రజ్ఞుల కాపలా దానికోసమే. ఎల్‌హెచ్‌సీ మీది ప్రయోగాల్లో ఒకటైన ఎల్‌హెచ్‌సీబీకి 2012లో ఈ విఘటనానికి తొలి ఆధారం దొరికింది. అక్కడిదే మరో ప్రయోగం సీఎంఎస్‌తో కలిసి 2015లో ఖాయం చేశారు. లెక్క మాత్రం కదల్లేదు.

2021లో వేరే బి మేసాన్ విఘటనాల్లో మ్యూయాన్లు పుట్టే లెక్కకూ ఎలక్ట్రాన్లు పుట్టే లెక్కకూ 3.1 సిగ్మాల (కాకతాళీయమని తేలిగ్గా కొట్టిపారేయలేనంత) తేడా కనిపించి లోకమంతా అరుదుపడింది. ఎలక్ట్రాన్లుగా పొరబడ్డ ఇతర కణాలను సరిగ్గా లెక్కగట్టాక, 2022 డిసెంబరులో ఆ తేడా కాస్తా పోయింది.

కాబట్టి కొద్దిగా జరిగేది, కూడనిది అనే అర్థాల్లో ఇది అరుదే. ఆశ్చర్యం అనే అర్థంలో ఇంకా కాలేదు. ఇక మన పత్రికలు! వారానికో ‘అరుదైన ఘనత’, పూటకో ‘అత్యంత అరుదైన సంఘటన’. వంద కోట్లకు మూడు పడే మాటను ఇలా అరగదీస్తే ఎలా?

నేనైతే ‘అరుదైన విఘటనం’ అంటాను. ‘అరుదుగా జరిగే విఘటనం’ అంటే ఆశ్చర్యం గొడవ ఉండదు, కాస్త పొడుగు. ‘అరుదైన క్షయం’ అన్నవారితో తగాదా పెట్టుకోను, మెచ్చుకోనూ మెచ్చుకోను.