యానాది మూలాలను వెతుక్కోవడం ఎలా?

ప్రశ్న: మా తాతలు శ్రీహరికోట దీవిలోని యానాది తెగవాళ్లు. నెల్లూరులో పెరిగిన మాకు ఆ సంస్కృతి ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఇంటి పెద్దలతో. ఇంటిపేరు, శాఖ (మంచి యానాది, చల్లా యానాది వంటివి), పాత ఊరు, కొలిచిన దేవత అడిగి రాసుకోండి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నాక చాలా కుటుంబాలు చెదిరిపోయాయి. అందుకే పులికాట్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలోనూ బంధువుల కోసం వాకబు చేయండి. 2022 జిల్లాల పునర్విభజనతో, శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కాగితాల కోసం తిరిగేటప్పుడు ఇది గుర్తుండాలి.

అసలు సంపద వేళ్లు, ఆకులు, చేపలు, ఎలుక కలుగుల గురించిన ఎరుక. అది గదిలో కూర్చోబెట్టి అడిగితే రాదు. పెద్దాయనతో కలిసి చెరువుగట్టు వెంట నడవండి, ఆయన ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి. మందుల సంగతులు మాత్రం బయట పెట్టాలో వద్దో వాళ్లే చెప్పాలి.

దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఆంగ్లేయుడు ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చువేసిన సంపుటాల్లో యానాదుల గురించి చాలానే ఉంది. వివరాలు తీసుకోండి, తీర్పులు వదిలేయండి; అది దొరల చూపు. యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య రచనలు అంతకంటే దగ్గరగా ఉంటాయి.